రూపాయి – పౌండు మారకపు రేటు (1835–1975): భారం ఎవరిది?

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• వెండి రూపాయికి, బంగారు పౌండుకు మధ్య మారకపు రేటు ఎలా ఏర్పడిందో వివరించగలుగుతారు.
• 1873 తరువాత రూపాయి విలువ పడిపోవడానికి గల కారణాలను, హోమ్ చార్జీలతో దానికి గల సంబంధాన్ని విశ్లేషించగలుగుతారు.
• '1 షిల్లింగు 4 పెన్నీలా, 1 షిల్లింగు 6 పెన్నీలా' అనే వివాదంలో ఏ వర్గం ఏ పక్షాన ఎందుకు నిలిచిందో చెప్పగలుగుతారు.
• 1949, 1966 సంవత్సరాల మూల్యహీనీకరణల మధ్య తేడాను గుర్తించగలుగుతారు.

1. ప్రస్తావన

1930 జనవరి చివరలో గాంధీజీ 'యంగ్ ఇండియా' పత్రిక ద్వారా బ్రిటిష్ ప్రభుత్వం ముందు 11 డిమాండ్లు ఉంచారు. వాటిలో ఉప్పు పన్ను రద్దు ఒకటి. దాని గురించి, ఆ తరువాత జరిగిన దండి యాత్ర గురించి మీరు పాఠశాల రోజుల నుంచే చదివి ఉంటారు. అదే జాబితాలో అంతగా ఎవరూ పట్టించుకోని మరొక డిమాండు కూడా ఉంది. రూపాయి మారకపు రేటును 1 షిల్లింగు 6 పెన్నీల నుంచి 1 షిల్లింగు 4 పెన్నీలకు తగ్గించాలన్నది ఆ డిమాండు.

ఇది చదవగానే మీకు ఒక సందేహం రావచ్చు. రూపాయి విలువ ఎక్కువగా ఉండటం దేశానికి మంచిదే కదా? దానిని తగ్గించమని జాతీయోద్యమ నాయకుడు ఎందుకు కోరాడు? పైగా తేడా రెండు పెన్నీలే. అంత చిన్న తేడా ఉప్పు పన్ను సరసన ఎందుకు చేరింది?

ఈ పాఠం ఆ ప్రశ్నకు సమాధానం వెతుకుతుంది. పాఠం చదువుతున్నంతసేపూ ఒక విషయాన్ని గుర్తుంచుకోండి. మారకపు రేటు దేశం పరువును కొలిచే కొలబద్ద కాదు. ఒక దేశం మరొక దేశానికి చెల్లించవలసిన సొమ్ము చివరకు ఏ వర్గం చేతి నుంచి వెళ్లాలో తేల్చే సాధనం అది. కాబట్టి ప్రతి దశలోనూ 'రేటు ఎంత?' అని అడిగిన వెంటనే 'ఎవరికి లాభం, ఎవరికి భారం?' అని కూడా అడగాలి.

2. ముందుగా లెక్క

నాటి బ్రిటిష్ నాణేల పద్ధతిలో ఒక పౌండుకు 20 షిల్లింగులు, ఒక షిల్లింగుకు 12 పెన్నీలు. అంటే ఒక పౌండుకు 240 పెన్నీలు. మన రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైసలు. అణాలో పన్నెండో వంతైన ఈ పాత పైసను 1957లో వచ్చిన నయాపైసతో కలపకండి.

ఆ రోజుల్లో ఒక రూపాయికి ఎన్ని పెన్నీలు వస్తాయో చెప్పేవారు. ఈ రోజు మనం ఒక డాలరుకు ఎన్ని రూపాయలో చెప్పుకుంటున్నాం. ఈ రెండు పద్ధతులు ఒకదానికొకటి ఎదురు. నాటి పద్ధతిలో అంకె పెరిగితే రూపాయి బలపడినట్లు. నేటి పద్ధతిలో అంకె పెరిగితే రూపాయి బలహీనపడినట్లు.

1 షిల్లింగు 4 పెన్నీలు అంటే 16 పెన్నీలు. 240ని 16తో భాగిస్తే 15 వస్తుంది. కాబట్టి ఆ రేటు ప్రకారం పౌండుకు 15 రూపాయలు. 1 షిల్లింగు 6 పెన్నీలు అంటే 18 పెన్నీలు. 240ని 18తో భాగిస్తే పౌండుకు 13 రూపాయల 5 అణాల 4 పైసలు, అంటే దాదాపు 13.33 రూపాయలు. ఈ రెండు అంకెలు పాఠమంతా మళ్లీ మళ్లీ వస్తాయి.

3. వెండి రూపాయి, బంగారు పౌండు (1835–1873)

దక్షిణాదిలో చాలాకాలం బంగారు వరహా ప్రధాన నాణెంగా ఉండేది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1818లో కంపెనీ ప్రభుత్వం వరహా స్థానంలో వెండి రూపాయిని ప్రమాణ నాణెంగా చేసింది. 100 వరహాలకు 350 రూపాయలు లెక్కగట్టారు. 1835 నాణేల చట్టం కంపెనీ పాలనలోని ప్రాంతాలన్నింటికీ ఒకే రూపాయిని తెచ్చింది. దాని బరువు 180 గ్రెయిన్లు, అంటే ఒక తులం. అందులో స్వచ్ఛమైన వెండి 165 గ్రెయిన్లు.

టంకశాలలు అందరికీ తెరిచి ఉండేవి. ఎవరైనా వెండి తెచ్చి ఇస్తే కొద్దిపాటి రుసుము తీసుకొని రూపాయలుగా ముద్రించి ఇచ్చేవారు. అందువల్ల రూపాయి విలువ, అందులోని వెండి విలువ దాదాపు ఒకటిగా ఉండేవి. దీనినే రజత ప్రమాణం అంటారు. బ్రిటన్‌లో స్వర్ణ ప్రమాణం అమలులో ఉండేది. ఒక పౌండు విలువగల సావరిన్ నాణెంలో సుమారు 113 గ్రెయిన్ల స్వచ్ఛమైన బంగారం ఉండేది.

అంటే రూపాయి – పౌండు మారకపు రేటును ఏ ప్రభుత్వమూ నేరుగా నిర్ణయించలేదు. ప్రపంచ మార్కెట్లో బంగారానికి, వెండికి మధ్య ఉన్న నిష్పత్తే దానిని నిర్ణయించింది. ఫ్రాన్స్ రెండు లోహాలనూ 1:15.5 నిష్పత్తిలో నాణేలుగా ముద్రించేది. దీనివల్ల ఆ నిష్పత్తి చాలాకాలం నిలకడగా ఉంది. మీరే లెక్క వేసి చూడండి. 165 గ్రెయిన్ల వెండి 15.5తో భాగిస్తే సుమారు 10.6 గ్రెయిన్ల బంగారానికి సమానం. 113ని 10.6తో భాగిస్తే పౌండుకు 10.6 రూపాయల పైచిలుకు వస్తుంది. అంటే రూపాయికి సుమారు ఇరవై రెండున్నర పెన్నీలు. 1873–74లో వాస్తవంగా ఉన్న సగటు రేటు 1 షిల్లింగు 10.351 పెన్నీలు. మన లెక్కకు అది చాలా దగ్గరగా ఉంది.

4. రూపాయి పతనం, హోమ్ చార్జీలు (1873–1893)

జర్మనీ 1871–73 మధ్య స్వర్ణ ప్రమాణానికి మారి, తన పాత వెండిని అమ్మకానికి పెట్టింది. ఫ్రాన్స్, దాని పొరుగు దేశాలు వెండి నాణేల ముద్రణను తగ్గించి, చివరకు ఆపివేశాయి. అమెరికా గనుల నుంచి కొత్త వెండి వెల్లువెత్తింది. కొనేవారు తగ్గి, సరుకు పెరగడంతో వెండి ధర పడిపోయింది. వెండితోపాటు రూపాయీ పడిపోయింది. 1892–93 నాటికి సగటు రేటు 1 షిల్లింగు 2.985 పెన్నీలకు దిగింది.

ఈ పతనం భారత ప్రభుత్వాన్ని ఎందుకు కలవరపెట్టింది? కారణం హోమ్ చార్జీలు. లండన్‌లోని ఇండియా ఆఫీసు ఖర్చులు, రిటైరైన అధికారుల పింఛన్లు, సైనిక ఖర్చులు, రుణాలపై వడ్డీ, రైల్వే కంపెనీలకు ఇచ్చిన హామీ వడ్డీ మొదలైనవి ఏటా పౌండ్లలో చెల్లించాలి. ప్రభుత్వానికి వచ్చే ఆదాయం మాత్రం రూపాయల్లో ఉండేది. ఆ ఆదాయంలో భూమిశిస్తు, ఉప్పు పన్ను ముఖ్యమైనవి.

ఈ చెల్లింపులు కౌన్సిల్ బిల్లుల ద్వారా జరిగేవి. భారతదేశపు పత్తి, గోధుమ, జనపనార కొనే బ్రిటిష్ వ్యాపారికి రూపాయలు కావాలి. అతడు లండన్‌లో భారత రాజ్య కార్యదర్శికి పౌండ్లు చెల్లించి బిల్లు కొనేవాడు. ఆ బిల్లును కలకత్తా, బొంబాయి లేదా మద్రాసు ఖజానాలో చూపితే రూపాయలు ఇచ్చేవారు. ఆ రూపాయలతో ఇక్కడి సరుకు కొనేవారు. బాగా గమనించండి. పౌండ్లు లండన్‌లోనే ఉండిపోయాయి. రైతు కట్టిన పన్ను సొమ్ముతోనే రైతు పండించిన సరుకుకు ధర చెల్లింపు జరిగింది. దాదాభాయి నౌరోజీ చెప్పిన 'సంపద తరలింపు' ఆచరణలో ఇలా సాగింది.

భారం ఎంత పెరిగిందో హెర్షెల్ కమిటీ నివేదిక లెక్కగట్టింది. 1892–93లో లండన్‌కు పంపిన మొత్తం 1,65,32,215 పౌండ్లు. ఇందుకు భారత ఖజానా నుంచి సుమారు 26.48 కోట్ల రూపాయలు ఖర్చయ్యాయి. 1873–74 నాటి రేటే కొనసాగి ఉంటే 17.75 కోట్లు సరిపోయేవి. ఒక్క ఏడాదిలో తేడా దాదాపు 8.73 కోట్ల రూపాయలు.

ఈ సొమ్ము కోసం ప్రభుత్వం పన్నుల వైపు చూసింది. 1886లో ఆదాయపు పన్ను వచ్చింది. 1888లో ఉప్పు పన్నును మణుగుకు 2 రూపాయల నుంచి రెండున్నర రూపాయలకు పెంచారు. బర్మా యుద్ధం, సరిహద్దు సైనిక ఖర్చులు ఇందుకు కొంత కారణమైతే, మారకపు నష్టం మరొక ముఖ్య కారణం. గాంధీజీ జాబితాలో పక్కపక్కన కనిపించే ఉప్పు పన్నుకు, మారకపు రేటుకు మధ్య ఉన్న పాత బంధుత్వం ఇదే.

మరొక వైపు చూస్తే, రూపాయి పడిపోవడం అందరికీ నష్టం కాలేదు. లండన్‌లో అదే పౌండు ధరకు అమ్మిన ఎగుమతిదారుకు ఇక్కడ ఎక్కువ రూపాయలు చేతికొచ్చాయి. ఈ విషయంపై బి.ఆర్. అంబేడ్కర్ 1923లో ప్రచురించిన 'ది ప్రాబ్లమ్ ఆఫ్ ది రూపీ' గ్రంథంలో ఒక ముఖ్యమైన హెచ్చరిక చేశారు. రూపాయి విలువ తగ్గితే దేశంలో ధరలు పెరుగుతాయి. కూలి రేట్లు అంత త్వరగా పెరగవు. కాబట్టి ఎగుమతి వ్యాపారి పొందే లాభం దేశానికి వచ్చిన లాభం కాదని, అందులో కూలీ నష్టపోయిన భాగం ఉందని ఆయన వాదన. ఈ అంశాన్ని గుర్తుపెట్టుకోండి. 7వ భాగంలో మళ్లీ దీనితో పని ఉంది.

5. టంకశాలల మూసివేత (1893–1899)

హెర్షెల్ కమిటీ సిఫారసు మేరకు 1893 జూన్ 26న టంకశాలల్లో ప్రజల వెండిని నాణేలుగా ముద్రించడం ఆపివేశారు. రూపాయల సరఫరాను బిగిస్తే వాటి విలువ పెరుగుతుందని ప్రభుత్వం భావించింది. మొదట రేటు మరింత పడిపోయి, 1894–95లో 13 పెన్నీల సమీపానికి చేరింది. తరువాత నెమ్మదిగా పెరిగి 1898 నాటికి 16 పెన్నీలకు వచ్చింది. ఫౌలర్ కమిటీ సలహాతో 1899లో సావరిన్‌ను 15 రూపాయలకు చెల్లుబాటు నాణెం చేశారు. 1 షిల్లింగు 4 పెన్నీల రేటు ఇలా స్థిరపడింది.

పల్లెటూళ్లలో దీని ఫలితం ఏమిటి? మన కుటుంబాలు మిగులు సొమ్మును కడియాలు, మురుగులు, మొలతాళ్ల రూపంలో వెండిగా దాచుకునేవి. 1893కు ముందు తులం వెండి దాదాపు ఒక రూపాయి. టంకశాలలు మూసివేశాక నాణెంలోని వెండికి ఒక విలువ, నగలోని వెండికి అంతకంటే తక్కువ విలువ ఏర్పడ్డాయి. 1896–97, 1899–1900 కరువుల్లో నగలు అమ్ముకున్నవారికి ఈ తేడా నేరుగా తగిలింది. పన్ను మాత్రం ఖరీదైన రూపాయల్లోనే కట్టాలి. రూపాయి విలువను కృత్రిమంగా పెంచడం చెప్పకుండా పన్ను పెంచడమేనని నౌరోజీ వాదించారు. అసలు జబ్బు వెండి ధర కాదని, హోమ్ చార్జీలేనని ఆయన అభిప్రాయం.

మీకు తెలుసా? నిజాం రాజ్యంలో వేరే రూపాయి చెలామణిలో ఉండేది. దానిని 'హాలీ సిక్కా' అని, బ్రిటిష్ ఇండియా రూపాయిని 'కల్దార్' అని పిలిచేవారు. చివరి దశాబ్దాల్లో 7 హాలీ రూపాయలను 6 కల్దార్ రూపాయలకు సమానంగా లెక్కించేవారు. అంటే తెలంగాణ సరుకు లండన్ చేరేలోగా సొమ్ము రెండుసార్లు మారేది.

6. యుద్ధం, 2 షిల్లింగుల ప్రయోగం (1914–1921)

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో చరిత్ర తలకిందులైంది. భారతదేశపు సరుకులకు గిరాకీ పెరిగి, రూపాయలు భారీగా అవసరమయ్యాయి. వెండి ధర కూడా పెరిగింది. ఒక దశలో రూపాయి నాణెం ముఖవిలువ కంటే అందులోని వెండి విలువే ఎక్కువయ్యే పరిస్థితి వచ్చింది. ప్రభుత్వం 1917లో ఒక రూపాయి కాగితపు నోటును ప్రవేశపెట్టింది. మారకపు రేటును అంచెలంచెలుగా పెంచుతూ పోయింది.

1919లో నియమించిన బాబింగ్టన్ స్మిత్ కమిటీ రూపాయి విలువను బంగారంలో 2 షిల్లింగులుగా, అంటే సావరిన్‌కు 10 రూపాయలుగా నిర్ణయించాలని సూచించింది. కమిటీలోని భారతీయ సభ్యుడు దాదీబా దలాల్ విభేదించి, పాత రేటే ఉండాలన్నారు. ప్రభుత్వం కమిటీ మాట విన్నది. అదే సమయంలో వెండి ధర పడిపోయింది, ఎగుమతులు మందగించాయి. రేటును నిలబెట్టడానికి ప్రభుత్వం లండన్‌లోని నిధి నుంచి 5.5 కోట్లకు పైగా పౌండ్లను చవకగా అమ్మింది. అయినా ప్రయత్నం విఫలమై, 1921లో రూపాయి 1 షిల్లింగు 3 పెన్నీల కంటే కిందికి దిగింది. చవకగా పౌండ్లు కొనుక్కున్నవారు లాభపడ్డారు. నష్టం భారత ఖజానా భరించింది.

7. రెండు పెన్నీల వివాదం (1925–1931)

1924 నాటికి రేటు మళ్లీ పెరిగి 1 షిల్లింగు 6 పెన్నీలకు చేరింది. 1925లో నియమించిన హిల్టన్ యంగ్ కమిషన్ 1926లో నివేదిక ఇస్తూ ఆ రేటునే ఖాయం చేయాలన్నది. ధరలు, కూలిరేట్లు ఇప్పటికే ఆ రేటుకు సర్దుకున్నాయన్నది దాని వాదన. సభ్యుడైన పురుషోత్తమదాస్ ఠాకూర్‌దాస్ ఇందుకు అంగీకరించలేదు. అలాంటి సర్దుబాటు జరగలేదని, ఉత్పత్తిదారులు నష్టపోతారని, 1 షిల్లింగు 4 పెన్నీలే సరైన రేటని అసమ్మతి పత్రం రాశారు. 1927 కరెన్సీ చట్టం 1 షిల్లింగు 6 పెన్నీలనే ఖరారు చేసింది.

ఇప్పుడు ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. కర్నూలు ప్రాంతపు పత్తి కొంత లండన్‌లో 10 పౌండ్లకు అమ్ముడైందనుకోండి. 1 షిల్లింగు 4 పెన్నీల రేటుకు 150 రూపాయలు వస్తాయి. 1 షిల్లింగు 6 పెన్నీల రేటుకు 133 రూపాయల 5 అణాల 4 పైసలే వస్తాయి. తేడా 16 రూపాయల పైమాటే. రైతు కట్టే శిస్తు, షావుకారుకు ఇవ్వవలసిన బాకీ రూపాయల్లో రాసి ఉన్నవి కాబట్టి అవి పైసా కూడా తగ్గవు.

అదే లెక్కను దిగుమతి వైపు నుంచి చూడండి. 10 పౌండ్ల మాంచెస్టర్ గుడ్డ 150 రూపాయలకు బదులు 133 రూపాయలకే వస్తుంది. అందువల్ల బొంబాయి మిల్లు యజమానులు తక్కువ రేటు కోరారు. ఇక ప్రభుత్వం సంగతి: లండన్‌కు పంపే ప్రతి కోటి పౌండ్లకు 15 కోట్ల రూపాయలు కాక 13.33 కోట్లు చాలు. ఇక్కడి జీతంలో కొంత ఇంగ్లండుకు పంపుకునే అధికారికి కూడా ఎక్కువ పౌండ్లు అందుతాయి.

అయితే అంబేడ్కర్ హెచ్చరికను ఇక్కడ గుర్తుచేసుకోవాలి. రేటు తగ్గితే ఎగుమతిదారులు, మిల్లు యజమానులు బాగుపడతారు. ధరలు పెరిగితే కొనుక్కుతినే కూలీ, నెలజీతగాడు నష్టపోతారు. కాబట్టి ఒక రేటు 'దేశానికి' మంచిదని ఎవరైనా అంటే, దేశంలో ఎవరికి అని అడగడం చరిత్ర విద్యార్థిగా మీ పని.

1929లో మొదలైన ఆర్థిక మాంద్యం ఈ వివాదానికి పదును పెట్టింది. పంటల ధరలు కొద్ది సంవత్సరాల్లో సుమారు సగానికి పడిపోయాయి. 1 షిల్లింగు 6 పెన్నీల రేటును కాపాడటానికి ప్రభుత్వం చెలామణిలోని డబ్బును బిగించింది. గాంధీజీ డిమాండు ఈ నేపథ్యంలో వచ్చింది. 1931 సెప్టెంబరులో బ్రిటన్ స్వర్ణ ప్రమాణాన్ని వదిలేసినప్పుడు కూడా రూపాయికి స్వేచ్ఛ దొరకలేదు. దానిని అదే రేటుకు పౌండుకు కట్టేశారు. బంగారం ధర పెరగడంతో, అప్పుల్లో ఉన్న రైతు కుటుంబాలు నగలు అమ్ముకున్నాయి. ఆ బంగారం ఓడలెక్కి లండన్ చేరి, హోమ్ చార్జీల చెల్లింపుకు తోడ్పడింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి
అ) రూపాయికి 20 పెన్నీలైతే ఒక పౌండుకు ఎన్ని రూపాయలు?
ఆ) ఆ రేటు 16 పెన్నీలకు తగ్గితే లాభపడే రెండు వర్గాలను, నష్టపోయే రెండు వర్గాలను పేర్కొనండి.

8. స్వాతంత్ర్యం తరువాత (1947–1975)

రాజ్యం మారినా రేటు మారలేదు. రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ ఇక్కడ తీసుకున్న సరుకులకు, సేవలకు బదులుగా లండన్‌లో మన పేరిట స్టెర్లింగ్ నిల్వలు పోగుపడ్డాయి. యుద్ధం ముగిసేనాటికి అవి సుమారు 1,700 కోట్ల రూపాయలు. అప్పటిదాకా రుణగ్రస్తమైన భారతదేశం బ్రిటన్‌కు రుణదాత అయింది. ఈ నిల్వల వల్ల, బ్రిటన్‌తో ఉన్న వాణిజ్యం వల్ల రూపాయి పౌండుతోనే ముడిపడి నడిచింది.

1949 సెప్టెంబరులో బ్రిటన్ పౌండు విలువను 4.03 డాలర్ల నుంచి 2.80 డాలర్లకు తగ్గించింది. భారతదేశం కూడా రూపాయిని అంతే మేరకు తగ్గించింది. డాలరు సుమారు 3.31 రూపాయల నుంచి 4.76 రూపాయలకు పెరిగింది. పౌండు మాత్రం 13.33 రూపాయల వద్దే ఉంది.

1966 జూన్ 6న జరిగినది వేరు. ఈసారి రూపాయి ఒక్కటే తగ్గింది. డాలరు 4.76 నుంచి 7.50 రూపాయలకు, పౌండు 13.33 నుంచి 21 రూపాయలకు పెరిగాయి. 1927 నుంచి నిలిచిన 1 షిల్లింగు 6 పెన్నీల రేటు ఆ రోజుతో ముగిసింది. ఇక్కడ విద్యార్థులు తరచుగా పొరబడతారు. రూపాయి విలువ 36.5 శాతం తగ్గింది. కాని పౌండు ధర రూపాయల్లో 57.5 శాతం పెరిగింది. రెండూ సరైనవే. ఒకటి రూపాయి వైపు నుంచి, మరొకటి పౌండు వైపు నుంచి వేసిన లెక్క.

1967 నవంబరులో బ్రిటన్ మరోసారి పౌండు విలువను తగ్గించింది. భారతదేశం ఈసారి వెంట నడవలేదు. పౌండు 18 రూపాయలకు దిగింది. 1972లో పౌండు మార్కెట్ ప్రకారం మారడం మొదలైంది. 1975 సెప్టెంబరులో రూపాయిని పౌండు నుంచి విడదీసి, పలు దేశాల కరెన్సీల సమూహంతో ముడిపెట్టారు.

9. సారాంశం

1893 వరకు రూపాయి – పౌండు రేటును లోహాల ధరలు నిర్ణయించాయి. 1893 నుంచి ప్రభుత్వ నిర్ణయాలు ప్రధానమయ్యాయి. రూపాయి పడినప్పుడు హోమ్ చార్జీల భారం పన్నుల రూపంలో రైతు మీద పడింది. రూపాయిని పెంచినప్పుడు పంటకు వచ్చే ధర తగ్గి మళ్లీ రైతు మీదే పడింది. ఇది వింతగా కనిపించవచ్చు. రేటు ఎటు కదిలినా భారం ఒకే చోటికి చేరిందంటే, లోపం రేటులో మాత్రమే లేదు. లండన్‌కు ఏటా చెల్లించక తప్పని సొమ్ములోను, రేటును నిర్ణయించే అధికారం భారతీయుల చేతిలో లేకపోవడంలోను ఉంది. గాంధీజీ జాబితాలోని ఆ రెండు పెన్నీల వెనుక ఉన్న అసలు ప్రశ్న ఇదే. 1966 నిర్ణయాన్ని మీరు సమర్థించినా, విమర్శించినా, అది మన ప్రభుత్వం తీసుకున్నది, పార్లమెంటులో జవాబు చెప్పుకోవలసి వచ్చినది. 1893 నాటి నిర్ణయానికి ఇక్కడి ప్రజలకు జవాబు చెప్పినవారు ఎవరూ లేరు.

10. నమూనా పరీక్షా ప్రశ్నలు

I. 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 1873–1893 మధ్య రూపాయి పతనానికి కారణాలను, దాని ఫలితాలను వివరించండి.
2. 1 షిల్లింగు 4 పెన్నీలు, 1 షిల్లింగు 6 పెన్నీల వివాదాన్ని వివిధ వర్గాల దృష్టి నుంచి విశ్లేషించండి.

II. 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కౌన్సిల్ బిల్లులు
2. 1893 టంకశాలల మూసివేత
3. 1949, 1966 మూల్యహీనీకరణల మధ్య తేడా

'మీ ప్రగతిని సరిచూసుకోండి' సమాధానాలు: అ) 12 రూపాయలు. ఆ) లాభపడేవారు: ఎగుమతిదారులు, దేశీయ మిల్లు యజమానులు. నష్టపోయేవారు: దిగుమతిదారులు, ధరలు పెరిగితే కూలీలు. పౌండ్లలో చెల్లింపులు ఉన్న ప్రభుత్వం పేరు రాసినా సరైనదే.